ట్యూబు కైటు, పరుపు కైటు, ఆలూరు ఈరన్న

మూడేళ్ల కిందట, జూన్ మొదటి వారంలో, నన్ను కడప జిల్లాలో పెన్నా మీద ఉన్న ఒక జలాశయానికి బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి ఏడాది కూడా మిగల్లేదు. పర్యాటక శాఖలో జల క్రీడల అధికారి అన్నది నా హోదా. ఆ వయసులో బదిలీ అంటే ఎవరైనా మొహం ముడుచుకుంటారు. నేను మాత్రం ఉత్తర్వు అందిన సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను. ఎందుకంటే అందులో రాసిన పని మా రాష్ట్రంలో ఆనకట్ట నీళ్ల మీద అంతవరకు ఎవరూ చేయనిది.

జల క్రీడలు అనగానే మా వైపు చాలామందికి బోటు షికారే గుర్తుకొస్తుంది. లైఫ్ జాకెట్టు తొడిగి, ఎక్కించి, ఒక చుట్టు తిప్పి దించడం. అదీ మా పనే, కాదనను. కానీ నేను కర్నూలు పాతబస్తీలో పుట్టి, తుంగభద్రలో ఈత నేర్చుకుని, నౌకాదళంలో తెరచాప పడవలు నడిపి, ఆ తరువాత శాఖలోకి వచ్చినవాణ్ణి. గాలితో పని చేయడం నా చదువు. "దస్తగిరి సారుకు నీళ్లు లేని సీమలో నీళ్ల ఉద్యోగం" అని ఆఫీసులో వెనకాల నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీలే అని ఊరుకునేవాణ్ణి. ఆషాఢంలో మా పడమటి గాలి ఎలాంటిదో వాళ్లకు తెలియదు. కొండల మీద అన్నేసి గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదా.

నాకు అప్పగించిన పని పవర్ కైట్ శిక్షణ మొదలుపెట్టడం. పవర్ కైట్ అంటే మనిషిని లాగగల పెద్ద గాలిపటం. కాళ్ల కింద పలక పెట్టుకుని, నాలుగు దారాలతో కైటును నడుపుతూ నీళ్ల మీద జారిపోవడం ఈ ఆట. దారాలను మేం లైన్లు అంటాం. శిక్షణ ఇవ్వాలంటే ముందు సహాయ శిక్షకులు కావాలి. అందుకని ఎనిమిది మంది స్థానికులను తీసుకున్నాం. కొందరు ముంపు ఊళ్ల వాళ్లు, కొందరు పత్తికొండ, ఆలూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. అందరికీ ఈత పరీక్ష పెట్టాను. నది మొహం చూడనివాళ్లు కూడా నెగ్గారు. చిన్నప్పుడు చేను బావుల్లో బెండు కట్టుకుని దూకి నేర్చిన ఈత అది, చూడటానికి అందంగా ఉండదు గానీ మునగదు.

వాళ్లలో ఈరన్న అనే ముప్పై ఏళ్ల మనిషి ఉన్నాడు. ఆలూరు దగ్గర పల్లె. వానను నమ్ముకున్న నాలుగెకరాల చేను, ఇద్దరు పిల్లలు. అంతకంటే ముఖ్యం, వాళ్లది ఎద్దుల ఇల్లు. మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పెద్ద రాతి బండను జత ఎద్దులు లాగుతాయి, మనిషి పగ్గాలు పట్టి తోలతాడు. ఈరన్న తాత, తండ్రి, తనూ ఆ పోటీల్లో పేరున్నవాళ్లు. వరసగా రెండేళ్లు పంట పోయి, జతలో ఒక ఎద్దును అమ్ముకుని, ఈ శిక్షణకు వచ్చాడు. సహాయ శిక్షకుడి ఉద్యోగం వస్తే రెండో ఎద్దు నిలబడుతుంది, లేకపోతే అదీ సంతకు పోతుంది అని మొదటి రోజే చెప్పాడు. అడుక్కుంటున్నట్టు చెప్పలేదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. నాకు ఆ తీరు నచ్చింది.

ఇక కైట్ల సంగతి. మొదట నేర్చుకునేవాళ్ల కోసం ఏ రకం కొనాలో తేల్చమని మా జనరల్ మేనేజర్ గారు రెండు రకాలూ నమూనాకు తెప్పించారు. ఒకటి గాలి నింపే రకం. దాని ముందంచు పొడవునా లావుపాటి ట్యూబు ఉంటుంది, పంపుతో గాలి కొట్టి బిగిస్తాం. రెండోది ఫాయిల్. దానిలో ట్యూబులు ఉండవు, రెండు పొరల బట్ట, మధ్యలో వరసగా అరలు. ముందు నోళ్లలోంచి గాలి జొరబడి అదే ఉబ్బుతుంది. శిక్షణకు వచ్చినవాళ్లు ఒక్క పూటలో వాటికి పేర్లు పెట్టేశారు. మొదటిది ట్యూబు, రెండోది పరుపు. నేనూ ఆ పేర్లే వాడటం మొదలుపెట్టాను.

మొదటి వారం నేల మీద సాధన. నీళ్లు వెనక్కి తగ్గిన చోట గట్టిపడిన మైదానం ఉంది. అక్కడ పరుపు కైటు పండగ చేసుకుంది. సంచిలోంచి తీయడం, పరచడం, ఎగరేయడం. పంపు అక్కర్లేదు, పగిలేది లేదు. దానికి రెండు చేతి పిడులు ఉంటాయి. ఒక్కో పిడికి పై లైను, కింద లైను. పై లైన్లు లాగుతాయి, కింద లైన్లు బ్రేకు. కైటు మరీ లాగేస్తుంటే పిడుల కింది భాగాన్ని ఒంటి వైపు లాక్కోవాలి, అది వెనక్కి ఒరిగి దిగిపోతుంది. అంటే లాగితే ఆగుతుంది. ఎద్దుల పగ్గం పట్టినవాడికి అంతకంటే తెలిసిన విద్య ఏముంటుంది? ఈరన్న రెండో రోజుకే పరుపును తన ఎద్దులా ఆడించాడు. చూడటానికి వచ్చిన జనరల్ మేనేజర్ గారు ముచ్చటపడిపోయారు.

ట్యూబు కైటు మాత్రం మొదటి పొద్దునే నా పరువు తీసింది. మైదానం అంచంతా సర్కారు కంప. దాని ముల్లు చెప్పు అడుగులోంచి దూరి పాదంలో దిగే రకం. గాలి కొట్టిన ట్యూబు ఒకసారి పక్కకు దొర్లిందో లేదో బుస్సుమంది. సైకిల్ షాపులో చేసినట్టు దాన్ని తొట్టి నీళ్లలో ముంచి, బుడగలు చూసి, అతుకులు వేసుకుంటూ కూర్చున్నాను. మరునాటి నుంచి వేరుశనక్కాయలు ఆరబోసే పెద్ద పట్టలు తెప్పించి, వాటి మీదే కైటు పరచమన్నాను. ముల్లు బాధ చాలావరకు తగ్గింది.

ముల్లు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ట్యూబు కైటును పిడులతో పట్టరు, ఒక అడ్డ కడ్డీతో నడుపుతారు. దాన్ని బారు అంటాం. కైటు లాగే బరువు మనిషి నడుముకు కట్టిన పట్టీ కొక్కెం మీద పడుతుంది. బారును ఒంటి వైపు లాక్కుంటే కైటు బలం పెరుగుతుంది, ముందుకు వదిలేస్తే తగ్గుతుంది. అంటే ఇక్కడ లాగితే ఎక్కువవుతుంది, వదిలితే ఆగుతుంది. పగ్గానికి పూర్తిగా తలకిందులు. గాలి ఒక్కసారి తోసిందంటే మా ఎనిమిది మందీ బారును గుండెకు హత్తుకునేవాళ్లు, కైటు ఇంకా రెచ్చిపోయి వాళ్లను పట్టల మీదుగా ఈడ్చుకుపోయేది. "వదులు, వదులు" అని నేను అరిచేవాణ్ణి. ఎంత అరిస్తే అంత బిగించేవాళ్లు.

అందరికంటే మొండి ఈరన్న. ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడిగాను, చెబితే అర్థమవుతుంది కదా, చేయి ఎందుకు తీయవు అని.

"అర్థమైతాది సార్. చెయ్యే ఇనదు," అన్నాడు. "పగ్గం ఇడ్సిపెట్టేది మా ఇంట్లో లేదు. మా నాయనను ఒకసారి ఎద్దులు జనం మీదికి ఈడ్చకపోయినాయి. మోకాళ్లు, మోచేతులు చీరుకపోయినా ఇడ్సల్యా. ఇడ్సింటే ఎంతమంది పోతాండిరో. ఇప్పటికీ ఊర్లో ఆ మాటే చెప్తారు."

వాళ్ల ఇంటి గౌరవం అంతా ఆ పట్టులో ఉంది. దాన్ని తప్పు అని చెప్పే హక్కు నాకు లేదు. పైగా వాళ్ల నేల మీద అది తప్పు కూడా కాదు.

నెలాఖరుకు జనరల్ మేనేజర్ గారు నిర్ణయానికి వచ్చేశారు. నన్ను పిలిపించి, అన్నీ పరుపు కైట్లే కొందామన్నారు. ఆయన వాదనలో పస ఉంది. ముళ్లకు పగలదు, పంపు పని లేదు, తక్కువ గాలిలోనూ లేస్తుంది, మన మనుషులకు ఇప్పటికే అలవాటైంది. నేను ఒకే మాట చెప్పాను. నేల మీద మీరన్నది నిజం, నీళ్ల మీద కాదు. నేర్చుకునేవాడు కైటును మాటిమాటికీ పడేస్తాడు. నేల మీద పడితే లేపుకోవచ్చు, నీళ్లలో పడ్డ పరుపు నోళ్లతో నీళ్లు తాగుతుంది. ట్యూబు తేలుతుంది. నీళ్లు దూరకుండా నోళ్లు మూసిన ఫాయిళ్లు కూడా వచ్చాయి కదా, పోటీల్లో వాటినే వాడుతున్నారు కదా అని ఆయన అడిగారు. వచ్చాయి. అవి ఆట బాగా తెలిసినవాళ్ల చేతిలో బాగుంటాయి, లైన్లు ఎక్కువ, చిక్కుపడితే కొత్తవాడు తేరుకోలేడు అన్నాను. ఆయన మంచి అధికారి. అధికారం చూపించలేదు, చేసి చూపించమన్నారు.

పరీక్ష షరతులు ఇద్దరం కలిసి రాసుకున్నాం. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు కైట్లు. పలక వాడకూడదు. నీళ్లలో ఒళ్లు జార్చుకుంటూ, కైటు లాగుతుంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన దగ్గరి నుంచి, గుర్తుగా తేలే పసుపు బోయా దాకా పోవాలి. మా శిక్షణలో నీటి మీద మొదటి పాఠం అదే. కైటు పడిపోతే తనే లేపుకోవాలి. రక్షణ బోటు చేయి వేస్తే ఆ వంతు అక్కడితో సరి. ఇంకొక షరతు ఆయన చేర్చారు. రెండు వంతుల్లో ఒక్కదాంట్లోనైనా బోయా అందుకోలేనివాణ్ణి సహాయ శిక్షకుడిగా తీసుకోకూడదు. మనిషిని మీరే ఎంచండి అన్నారు. నేను ఈరన్న పేరు చెప్పాను.

అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఈరన్నే నా గదికి వచ్చాడు. "ఎనిమిది మందిలో బారు కాడ నాకంటే అద్వానం ఎవరూ లేరు సార్. నన్నే ఎందుకు పెడ్తాండావు? ఉజ్జోగం పోగొట్టాలనా?" అని నేరుగా అడిగాడు. నేనూ నేరుగానే చెప్పాను. బాగా చేసేవాడి చేతిలో ఏ కైటైనా బాగుంటుంది. తప్పు చేసేవాణ్ణి కాపాడేదే నేర్చుకునేవాళ్ల కైటు. నువ్వు పట్టు పడతావని నాకు తెలుసు, అందుకే నిన్ను పెట్టాను, నీకు పది రోజులు విడిగా నేర్పుతాను అన్నాను. అతను సరే సార్ అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం అవుతుంది. హాయిగా పడుకున్నాను. నా విద్య మీద నాకు అంత నమ్మకం.

అయితే నేర్పే దారి అప్పటికి నా దగ్గర లేదు. వదులు అన్న మాటతో ఈరన్న చేయి తెరుచుకోదని అర్థమైపోయింది. బారు పైన ఎర్ర పిడి ఒకటి ఉంటుంది, అన్నిటికీ ఆఖరి రక్ష. దాన్ని నెట్టేస్తే కైటు బలం మొత్తం చచ్చిపోతుంది. అది కూడా వదిలేయడమే కాబట్టి అతను దాని జోలికీ పోయేవాడు కాదు. మూడు రోజులు అతని చేతుల్నే గమనించాను. గాలి తోయగానే ఆ చేతులకు ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. అంతే వాటి కోరిక. బారునే పట్టుకోవాలని వాటికి పంతం లేదు, అందుబాటులో ఉన్నది అదొక్కటే.

నాలుగో రోజు అతన్ని ఇంటికి ఫోను చేసి పాత పగ్గం ముక్క ఒకటి తెప్పించుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు. పగ్గం బస్సులో వచ్చింది. దాన్ని జానెడు ముక్కలుగా కోసి, ప్రొద్దుటూరులో సంచులు కుట్టే అంగడికి పోయి, అతని నడుము పట్టీకి రెండు పక్కలా పిడుల్లా కుట్టించాను. లైన్లు తగులుకోకుండా పట్టీకి అంటుకునేంత బిగువుగా, నాలుగు వేళ్లు మాత్రం దూరేలా. ఆ తరువాత నా ఆజ్ఞ మార్చేశాను. వదులు అన్న మాట మైదానంలో ఎవరూ పలకకూడదని కట్టడి చేశాను. దాని బదులు ఒకే మాట. నడుము పట్టు.

గాలి తోసినప్పుడు బారు మీది రెండు చేతులూ నడుము పక్కనున్న పగ్గం మీదికి పోవాలి. చేతులు అటు పోగానే బారు దానంతటదే జారిపోతుంది, కైటు శాంతిస్తుంది. మొదట కైటు లేకుండా, ఊరికే నిలబెట్టి, వెనకనుంచి నేను తోస్తూ చేయించాను. తరువాత బారును ఒక కంప మొద్దుకు కట్టి చేయించాను. ఆ తరువాత చిన్న కైటుతో. తొమ్మిదో రోజు గాలి విసురుగా కొట్టింది, నేను నోరు తెరిచేలోగా అతని చేతులు నడుముకు పోయాయి. ఈరన్న తన చేతుల వైపు తనే వింతగా చూసుకున్నాడు. నాకు అప్పుడు కలిగిన సంతోషం, ఉద్యోగంలో చేరిన రోజు కూడా కలగలేదు.

పరీక్ష రోజు పొద్దున ఈరన్న తండ్రి వచ్చాడు. పెద్దాయన పేరు హనుమంతప్ప. పగ్గం ముక్క ఎందుకు అడిగాడో చూసి పోదామని రాత్రి బస్సెక్కి వచ్చానన్నాడు. మోచేతుల మీద పాత మచ్చలు దూరం నుంచే కనిపించాయి. ఆయనకు రేకుల నీడలో కుర్చీ వేయించాను. కూర్చోలేదు, వంతెన చివరకు వచ్చి నిలబడ్డాడు.

గాలి ఒడ్డు వెంట పక్కగా వీచే చోటు ఎంచుకున్నాను. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తే మనిషి నడి జలాశయంలోకి కొట్టుకుపోతాడు, నేరుగా ఒడ్డు మీదికి వీస్తే రాళ్ల మీద పడతాడు. మీటరు పట్టి వేగం చూశాను, కొత్తవాడికి తగినంతే ఉంది. రక్షణ బోటులో నేను, నడిపే మనిషి. కుడి వైపున నీళ్లలోంచి ముంపు చెట్ల మోళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అటు పోనివ్వకూడదని బోటును అటువైపే నిలిపాం.

మొదటి వంతు పరుపు కైటు. బయలుదేరడం చక్కగా బయలుదేరాడు. సగం దూరం ఎవరూ వంక పెట్టలేనట్టు పోయాడు. ఒడ్డు పక్కనున్న కొండ చాటుకు వచ్చేసరికి గాలి ఒక్కసారి ఆగింది. పరుపు సొట్టపోయి, నోళ్లు కిందికి పెట్టి నీళ్ల మీద పడింది. ఈరన్న తప్పేమీ లేదు. పడ్డ పరుపును వెనక్కి లేపేదీ బ్రేకు లైన్లే, వాటిని లాగి లేపబోయాడు. సగం లేచి, నీళ్లు కారుస్తూ మళ్లీ పడింది. మూడోసారికి తడిసిన బొంతలా తయారై కదలడం మానేసింది. లైన్లు అతని కాలి చుట్టూ తేలుతున్నాయి. పిడులు వదిలేసి బోటు పట్టుకోమని కేక వేశాను. నా కంగారులో నేను నిషేధించిన మాటే నా నోట వచ్చింది. అతను రెండు పిడులూ గుండెకు హత్తుకున్నాడు.

అప్పుడే గాలి తిరిగి వచ్చింది. తడి పరుపు ఒక మూల మాత్రం గాలి పోసుకుని, మనిషిని అడ్డంగా మోళ్ల వైపు లాగింది. బోటు దూకించి, వంగి, బ్రేకు లైను నా చేతికి చుట్టకుండా పట్టి గుంజాను. కైటు చప్పగా పడింది. ఈరన్నను భుజం పట్టి బోటులోకి లాగాం. అప్పటికీ పిడులు అతని చేతుల్లోనే ఉన్నాయి.

వంతెన మీద చప్పట్లు. జనరల్ మేనేజర్ గారే మొదలుపెట్టారు. శభాష్, చివరిదాకా పట్టు వదల్లేదు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను సాధారణంగా పై అధికారి ముందు గొంతు పెంచను. ఆ రోజు పెంచాను. అందరి ముందూ, "సార్, దయచేసి దీనికి చప్పట్లు కొట్టకండి. ఈ మెప్పు కోసమే రేపు ఎవరో ఒకరు ఆ మోళ్ల మధ్య చచ్చిపోతారు," అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. హనుమంతప్ప మొహం అంతకంటే. తన జీవితమంతా దేనికి మెప్పు పొందాడో దాన్నే నేను కాదన్నట్టు అయింది. కానీ నా మాట వెనక్కి తీసుకోలేదు.

మనిషి అలసిపోయాడు, రెండో వంతు ఇంకో రోజు ఇంకొకరితో చూద్దాం అన్నారు జనరల్ మేనేజర్ గారు. ఆ ఇంకో రోజు రాదని నాకు తెలుసు. అప్పటికే కొనుగోలు కాగితాలు పరుపుల పేరు మీద సిద్ధంగా ఉన్నాయి. ఈరన్నకు ఒక వంతు పోయింది, ఉన్నది ఒక్కటే. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నేనే పోతా సార్. నా ఒంతు ఇంగొకనికి ఎందుకు ఇస్తారు?" అన్నాడు. నేను నడుము పట్టీ బిగించి, రెండు పక్కలా పగ్గం పిడులు తడిమి చూసి, భుజం తట్టాను.

ట్యూబు కైటు లేచింది. ఈసారి కొండ చాటుకు చేరకముందే గాలి విసురు వచ్చింది, పొద్దున మీటరులో చూసినదానికంటే గట్టిది. ఈరన్న చేతులు పాత దారే పట్టాయి. బారు గుండెకు వచ్చేసింది. మనిషి నడుము దాకా నీళ్లలోంచి పైకి లేచాడు. ఇంకొక్క క్షణం అయితే గాలిలోకి లేచి మోళ్ల మీద పడేవాడు. బోటులోంచి నా గొంతులో ఉన్నదంతా పెట్టి అరిచాను.

"నడుము పట్టు ఈరన్నా."

చేతులు బారును విడిచి నడుముకు పోయాయి. బారు జారింది. కైటు మెల్లగా ఒరిగి నీళ్ల మీద పడి, ట్యూబు మీద తేలుతూ కూర్చుంది. మునగలేదు, నీళ్లు తాగలేదు, అతను తేరుకునేదాకా అక్కడే ఉంది. ఈరన్న కొంచెంసేపు ఊపిరి పీల్చుకున్నాడు. నేర్పినట్టే ఒక పక్క లైను మాత్రం పట్టుకుని నిదానంగా లాగాడు. కైటు నీళ్ల మీదే ఒక పక్కకు పాక్కుంటూ పోయి, ఒక చెవి ఎత్తి, లేచింది. మేం బోటుతో దగ్గరికి కూడా పోలేదు. ఆ తరువాత కొండ చాటులో ఒకసారి పడింది, మళ్లీ లేపుకున్నాడు. మరో విసురుకు నా కేక అవసరం లేకుండానే చేతులు నడుముకు పోయాయి. పసుపు బోయా మీద చేయి వేసినప్పుడు బోటు నడిపే మనిషి నా వైపు చూసి నవ్వాడు. నేను అప్పటికే నవ్వుతున్నాను.

జనరల్ మేనేజర్ గారు ఆ సాయంత్రమే కొనుగోలు మార్చారు. నీళ్ల మీద కొత్తవాళ్లకు ట్యూబు, నేల మీద మొదటి పాఠాలకు పరుపు. నేల విషయంలో ఆయన మొదటి నుంచీ సరిగ్గానే చెప్పారని నేను కూడా సంతకం చేశాను. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, చప్పట్ల సంగతి మీరన్నదే సరి అన్నారు. అంత పెద్ద అధికారి ఆ మాట అనడం నేను మరిచిపోలేదు.

ఈరన్న ఒడ్డుకు వచ్చి పట్టీ విప్పుతుండగా హనుమంతప్ప దగ్గరికి వచ్చాడు. కొడుకు చేతుల వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, నడిమధ్యలో ఇడ్సిపెట్టినావే?"

నేను జవాబు చెప్పబోయి ఆగాను. ఈరన్న నడుము పట్టీని తండ్రి చేతిలో పెట్టి, పక్కనున్న పగ్గం పిడి చూపించాడు.

"ఇడ్సల్యా నాయనా. ఇది పట్టుకున్యా."

పెద్దాయన ఆ పగ్గంలో నాలుగు వేళ్లు దూర్చి, గట్టిగా ఒకసారి గుంజి చూశాడు. అది కదల్లేదు. "కుట్టు బాగుండాది," అని పట్టీని తిరిగి కొడుకుకు ఇచ్చాడు. ఆ తరువాత రేకుల నీడలోకి పోయి, పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, తాగడానికి నీళ్లు అడిగాడు.

ఈరన్నకు ఉద్యోగం వచ్చింది. నేను పదవీ విరమణ చేసేనాటికి అక్కడి పట్టీలన్నిటికీ పగ్గం పిడులు ఉన్నాయి. సముద్ర తీరం నుంచి తనిఖీకి వచ్చిన శిక్షకులు వాటిని చూసి, ఇవి ఏ కంపెనీవి అని అడిగారు. ప్రొద్దుటూరువి అని చెప్పాను, కొంచెం గొంతు పెంచే చెప్పాను.

కైటు ఎంచుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది రెండు ముక్కలు. కొత్తవాడి కైటు ఎంత బాగా ఎగురుతుందో చూడవద్దు, పడిన తరువాత అతను తేరుకునేదాకా ఆగుతుందో లేదో చూడండి. నేర్పేవాళ్లకు ఒకటే. గట్టిగా పట్టుకోవడం నేర్చిన చేతిని వదలమని అరిచి లాభం లేదు. ముందు ఆ చేతికి ఇంకొకటి పట్టుకోవడానికి ఇవ్వాలి.